రిప్‌ కొనే ముందు.. రంగును కొలవండి!

ఫొటో ప్రింటింగ్‌లో రంగులు తప్పితే తప్పు ప్రింటర్‌దా, ఇంకుదా, సాఫ్ట్‌వేర్‌దా? ఈ ప్రశ్నకు కొలిచి జవాబు చెప్పగలిగితే చిన్న స్టూడియో నుంచి ప్యాకేజింగ్‌ కంపెనీ దాకా మీ అవసరం ఉంటుంది. సొంత యూనిట్‌ పెట్టుకునేవారికైతే డబ్బు మిగులుతుంది.

కంప్యూటర్‌ తెర మీద పెళ్లికూతురి చీర ముదురు మెరూన్‌. ప్రింట్‌ తీస్తే ఇటుక రంగు. ఆపరేటర్‌ బ్రైట్‌నెస్‌ తగ్గించి మళ్లీ తీస్తాడు. చీర కాస్త దారికొస్తుంది, పెళ్లికూతురి ముఖం మాత్రం నల్లబడుతుంది. ఇంకోసారి రంగులు మారిస్తే వెనకున్న తెల్లగోడ గులాబీ అవుతుంది. మూడు షీట్లు, వాటి ఇంకు, అరగంట సమయం వృథా. చివరికి కస్టమర్‌కి చెప్పే మాట.. ‘ప్రింటర్‌ ఇంతేనండీ’.

నిజానికి చాలాసార్లు ఆ ప్రింటర్‌లో ఏ లోపమూ ఉండదు. దానికి రంగుల సంగతి చెప్పే సాఫ్ట్‌వేర్‌ దగ్గరే ఎక్కడో తేడా కొట్టి ఉంటుంది. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుని, సరిచేసి, మళ్లీ రాకుండా చూసేవాళ్లు ఫొటో ల్యాబ్‌కి కావాలి. చీరల ఆన్‌లైన్‌ క్యాటలాగ్‌ చేసే స్టూడియోకి కావాలి. డబ్బాల మీద కంపెనీ లోగో ప్రతిసారీ ఒకే రంగులో రావాల్సిన ప్యాకేజింగ్‌ సంస్థకీ కావాలి. ముద్ర రుణం తీసుకుని ప్రింటింగ్‌ యూనిట్‌ పెడదామనుకుంటున్నారా? అయితే ఈ విషయం తెలియాల్సింది ముందు మీకే.

ఎందుకంటే ప్రింటర్‌ కొనగానే అమ్మేవాళ్ల నుంచి వినిపించే మాట ఒకటుంది: ‘ఈ రిప్‌ సాఫ్ట్‌వేర్‌ వేసుకోండి, కలర్‌ అదిరిపోతుంది’. కొన్ని రిప్‌ల లైసెన్స్‌ ధర చిన్న ప్రింటర్‌ ధరను మించిపోతుంది. మరి అది నిజంగా అవసరమా? ఎవరికి? ఎప్పుడు?

డ్రైవర్‌ చేసే పని

ముందు మామూలు డ్రైవర్‌ ఏం చేస్తుందో చూద్దాం. మీ ఫొటోలో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం.. మూడు అంకెలుంటాయి. ప్రింటర్‌లో ఆ ఇంకులు ఉండవు. మన ఊళ్లలో స్టూడియోల వాళ్లు ఎక్కువగా వాడిన ఎప్సన్‌ ఎల్‌805, ఎల్‌1800 లాంటి వాటిలో ఆరు ఇంకులు: సయాన్‌, మెజెంటా, పసుపు, నలుపు, వాటితోపాటు లేత సయాన్‌, లేత మెజెంటా. మూడు అంకెల్ని ఆరు ఇంకులుగా విడగొట్టడం డ్రైవర్‌ మొదటి బాధ్యత.

రెండోది, ఈ కాగితం ఎంత ఇంకు పీల్చగలదో చూసి అంతకు మించకుండా ఆపడం. మూడోది చుక్కల లెక్క. ఫొటోలో ఒక్కో రంగుకు 256 స్థాయిలుంటాయి. ఇంక్‌జెట్‌ నాజిల్‌ మాత్రం ఒక చోట చుక్క వేయగలదు, మానగలదు. వేసినా దొరికే సైజులు కొన్నే. లేత బుగ్గ రంగు కావాలంటే చుక్కల్ని దూరం దూరంగా, కంటికి కనిపించనంత సన్నగా చల్లాలి. దీన్నే హాఫ్‌టోనింగ్‌ అంటారు. నాలుగోది, ఫొటోను ప్రింటర్‌ సొంత రిజల్యూషన్‌కి మార్చడం. ఎప్సన్‌ ఫొటో ప్రింటర్ల డ్రైవర్లు సాధారణంగా అంగుళానికి 360 లేదా 720 పిక్సెళ్ల లెక్కన, కానన్‌వి 300 లేదా 600 లెక్కన తీసుకుంటాయి.

ఇవన్నీ డ్రైవర్‌ విండోలో మీరు ఎంచుకునే ‘మీడియా టైప్‌’ వెనక దాగి ఉంటాయి. గ్లాసీ కాగితం పెట్టి ‘ప్లెయిన్‌ పేపర్‌’ అని ఎంచుకుంటే ఇంకు మోతాదు, విడగొట్టే పద్ధతి, చుక్కల అమరిక అన్నీ మారిపోతాయి. ఫొటోషాప్‌లో ఎన్ని కర్వ్‌లు లాగినా ఆ నష్టం పూడదు.

రంగు తప్పేది ఇక్కడే

డ్రైవర్‌ సరిగ్గా పనిచేసినా, ‘ఈ అంకెలు ఇస్తే ఈ కాగితం మీద నిజంగా ఏ రంగు వస్తుంది’ అన్నది ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ రాతే ఐసీసీ ప్రొఫైల్‌. 1993లో అడోబ్‌, ఆపిల్‌, కొడాక్‌, మైక్రోసాఫ్ట్‌ సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్‌ కలర్‌ కన్సార్టియం పెట్టి ఈ ప్రొఫైల్‌కి ఒక ఉమ్మడి రూపం తెచ్చాయి. దీన్ని ఒక నిఘంటువు అనుకోండి. ఒకవైపు ప్రింటర్‌కి ఇచ్చే అంకెలు, రెండోవైపు మనిషి కన్ను చూసే రంగు.

ఈ నిఘంటువు ఒక ప్రింటర్‌కి మాత్రమే కాదు.. ఆ ప్రింటర్‌, ఆ ఇంకు, ఆ కాగితం, ఆ డ్రైవర్‌ సెట్టింగ్‌.. నాలుగూ కలిస్తేనే చెల్లుతుంది. ఒక్కటి మారినా మరో ప్రొఫైల్‌ కావాలి. కంపెనీ ఇంకు అయిపోయాక బజార్లో తక్కువకు దొరికే ‘కంపాటిబుల్‌’ ఇంకు పోసి, కంపెనీ ప్రొఫైలే వాడుతుంటే చీర ఇటుక రంగులోకి పోవడంలో ఆశ్చర్యమేముంది?

రెండో పొరపాటు ఇంకా ఎక్కువగా జరుగుతుంది. ఫొటోషాప్‌ ప్రొఫైల్‌ ప్రకారం ఒకసారి రంగులు మారుస్తుంది, డ్రైవర్‌ తన లెక్కలో మరోసారి మారుస్తుంది. దీంతో ముఖాలు ఎర్రబారిపోతాయి. సూత్రం ఒకటే: రంగుల పెత్తనం ఒక్కరికే ఇవ్వాలి. ఫొటోషాప్‌కి ఇస్తే డ్రైవర్‌లో ‘నో కలర్‌ అడ్జస్ట్‌మెంట్‌’ లేదా ‘ఆఫ్‌’ పెట్టండి. డ్రైవర్‌కి ఇస్తే ఫొటోషాప్‌లో ‘ప్రింటర్‌ మేనేజెస్‌ కలర్స్‌’ ఎంచుకోండి. మ్యాక్‌ వాడేవారు ఇంకోటి చూసుకోవాలి. ప్రింటర్‌ తగిలించగానే అది ఎయిర్‌ప్రింట్‌ పద్ధతిలో చేరిపోతే ఈ సెట్టింగ్‌లలో చాలావరకు కనిపించవు. కంపెనీ వెబ్‌సైట్‌ నుంచి అసలు డ్రైవర్‌ తెచ్చుకుని మళ్లీ ఇన్‌స్టాల్‌ చేయాలి.

ఈ రెండూ సరిచేస్తే చాలా స్టూడియోల గొడవ రూపాయి ఖర్చు లేకుండానే సగం తీరిపోతుంది.

రిప్‌ అంటే?

రాస్టర్‌ ఇమేజ్‌ ప్రాసెసర్‌.. ముద్దుగా రిప్‌. అక్షరాలు, బొమ్మలు, ఫొటోలు కలిసిన పేజీని ప్రింటర్‌ వేయగలిగే చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌. అడోబ్‌ 1984లో తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్‌ భాషతో ఇది ప్రెస్సుల్లో పాతుకుపోయింది. ఫొటో ప్రింటింగ్‌లో ఇప్పుడు ఈ మాటను ‘కంపెనీ డ్రైవర్‌ని పక్కనపెట్టి, ప్రతి ఇంకునీ తానే నడిపే సాఫ్ట్‌వేర్‌’ అనే అర్థంలో వాడుతున్నారు.

దీనివల్ల వచ్చే అసలు లాభం అదుపు. ఏ ఇంకు ఎంతవరకు పోవాలో మీరే హద్దు పెట్టొచ్చు. ‘లీనియరైజేషన్‌’ చేయొచ్చు. అంటే ప్రతి ఇంకునీ 10, 20, 30.. ఇలా 100 శాతం దాకా మెట్లుగా వేసి, కొలిచి, మెట్లన్నీ సమానంగా ఉండేలా సర్దడం. ఆరు నెలల తర్వాత ప్రింటర్‌ కాస్త గాడి తప్పినా ఈ పట్టీని మళ్లీ కొలిచి పాత స్థితికి తేవచ్చు. పక్కపక్కన రెండు ప్రింటర్లుంటే రెండింటినీ ఒకే దారికి దగ్గరగా తేవచ్చు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇంకు వేయలేని రంగును ఏ రిప్పూ వేయలేదు. తెర మీద మెరిసే నీలం, చిలకాకుపచ్చ కాగితం మీద కాస్త తగ్గుతాయి. జరీ మెరుపు అయితే అసలు రంగే కాదు, లోహం మీద కాంతి ఆట. మామూలు ఇంక్‌జెట్‌ ఇంకులతో దాన్ని పసుపు, గోధుమ రంగుల్లో సూచించగలం, అంతే. ‘మా సాఫ్ట్‌వేర్‌తో జరీ జరీలాగే వస్తుంది’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

ఏ పనికి ఏది?

కంపెనీ డ్రైవర్‌, ఉచిత లేఅవుట్‌ టూల్స్‌: ఎప్సన్‌ ప్రింట్‌ లేఅవుట్‌, కానన్‌ ప్రొఫెషనల్‌ ప్రింట్‌ అండ్‌ లేఅవుట్‌ లాంటివి ఉచితం. కాగితం, ప్రొఫైల్‌, సైజు అన్నీ ఒకేచోట ఎంచుకునేలా ఉండటంతో పొరపాట్లు తగ్గుతాయి. అన్ని మోడళ్లకూ పనిచేయవు కాబట్టి జాబితాలో మీ ప్రింటర్‌ పేరు ఉందో లేదో చూసుకోండి.

డ్రైవర్‌ మీద కూర్చునే సాఫ్ట్‌వేర్‌: క్యూఇమేజ్‌ ఇందుకు మంచి ఉదాహరణ. పాస్‌పోర్ట్‌ సైజు, 4×6, 8×12 ఫొటోల్ని ఒకే షీట్‌ మీద వృథా లేకుండా పేరుస్తుంది. ప్రింట్‌ సైజుకు తగ్గట్టు పదును పెడుతుంది. చుక్కలు వేసేది మాత్రం కంపెనీ డ్రైవరే. రోజూ రకరకాల సైజుల్లో ఫొటోలు తీసే చిన్న స్టూడియోకి ఈ తరహా చాలు.

ఫొటో, ఆర్ట్‌ ప్రింట్ల రిప్‌లు: కలర్‌బైట్‌ కంపెనీ ఇమేజ్‌ప్రింట్‌ తన డ్రైవర్‌తోపాటు రకరకాల కాగితాలకు తయారుగా ఉన్న ప్రొఫైళ్లు ఇస్తుంది. ఎర్గోసాఫ్ట్‌ వారి స్టూడియోప్రింట్‌ ఇంకు అదుపు మొత్తం మీ చేతికిస్తుంది. నలుపు తెలుపు ఫొటోలకే ప్రత్యేకమైంది క్వాడ్‌టోన్‌ రిప్‌. బూడిద రంగుల్లో పచ్చ, గులాబీ ఛాయలు తొంగిచూడకుండా ఇంకుల పాళ్లను మీరే నిర్ణయించుకోవచ్చు. చేర్యాల బొమ్మలు, కలంకారీ లాంటి కళాఖండాల ప్రతులు తీసేవారు ఈ వర్గాన్ని పరిశీలించాలి.

ప్రొడక్షన్‌, ప్రూఫ్‌ రిప్‌లు: ఆనిక్స్‌, కాల్డెరా, ఫైరీ, జీఎంజీ కలర్‌ప్రూఫ్‌ ఈ కోవలోవి. పెద్ద రోల్స్‌, వరుసగా జాబ్‌లు, కంపెనీల ప్రత్యేక లోగో రంగులు ఉన్నచోట ఇవి కావాలి. ప్రెస్‌లో లక్ష కాపీలు వేసేముందు ‘రంగు ఇలాగే వస్తుంది’ అని క్లయింట్‌ చేత సంతకం పెట్టించుకునే ప్రూఫ్‌కి ఐఎస్‌వో 12647-7 అనే ప్రమాణం ఉంది. ఆ పని చేయాలంటే మామూలు డ్రైవర్‌తో నెగ్గుకురావడం కష్టం.

లైనక్స్‌ దారి: గుటెన్‌ప్రింట్‌ ఉచిత డ్రైవర్‌. రాబర్ట్‌ క్రావిట్జ్‌ 1999లో తన ఎప్సన్‌ స్టైలస్‌ ఫొటో ఈఎక్స్‌ కోసం మొదలుపెట్టిన పని ఇది. అప్పట్లో దీని పేరు గింప్‌-ప్రింట్‌. దీని కోడ్‌ ఎవరైనా చదవొచ్చు. డ్రైవర్‌ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనే సీఎస్‌ఈ విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఉండదు. డబ్బు పెట్టగలిగితే టర్బోప్రింట్‌ ఉంది.

ఇక అక్రోరిప్‌ సంగతి. ఎల్‌805, ఎల్‌1800లను టీషర్టుల డీటీఎఫ్‌ ప్రింటింగ్‌కి మార్చుకున్న షాపుల్లో ఈ పేరు బాగా వినిపిస్తుంది. దాన్ని అక్కడ వాడేది తెల్ల ఇంకు పొర వేయడానికి. టీషర్టుకి బాగుందని ఫొటోకీ అదే వేస్తే రంగులు కచ్చితంగా వస్తాయన్న హామీ ఏమీ లేదు. క్రాక్‌ చేసిన కాపీల జోలికి అసలు వెళ్లొద్దు. వైరస్‌ భయం ఒక ఎత్తు, అప్‌డేట్‌ రాగానే సీజన్‌ మధ్యలో పని ఆగిపోవడం ఇంకో ఎత్తు.

ఈ అయిదు ప్రశ్నలు వేసుకోండి

1. మీకు వచ్చే ఫైళ్లు ప్రెస్‌ కోసం చేసిన సీఎంవైకే పీడీఎఫ్‌లా? చాలా ఫొటో ప్రింటర్ల మామూలు డ్రైవర్లు అన్నింటినీ ఆర్‌జీబీగా మార్చేస్తాయి. ప్రూఫ్‌ పనికి అది సరిపోదు.

2. డ్రైవర్‌ జాబితాలో లేని కాగితమో, వేరే కంపెనీ ఇంకో వాడుతున్నారా? వాడుతుంటే ఇంకు చిందినట్టు, కాగితం తడిసి ముడతపడినట్టు కనిపిస్తోందా?

3. ఒకటికి మించి ప్రింటర్లున్నాయా? అన్నింట్లోనూ ఒకే రంగు రావాలా?

4. రోల్‌ మీద రోజంతా జాబ్‌లు పేర్చాల్సి ఉంటుందా?

5. నలుపు తెలుపు ప్రింట్లు, లోగో రంగులు మీ ఆదాయంలో పెద్ద భాగమా?

అయిదింటికీ ‘లేదు’ అని జవాబు వస్తే రిప్‌ మీద డబ్బు పెట్టొద్దు. మీ కాగితానికి, ఇంకుకి సరిపోయే సొంత ప్రొఫైల్‌ చేయించుకోండి. చార్ట్‌ ప్రింట్‌ తీసి కొరియర్‌లో పంపితే కొలిచి ప్రొఫైల్‌ చేసిచ్చేవాళ్లున్నారు. పని పెరిగాక సొంతంగా స్పెక్ట్రోఫొటోమీటర్‌ కొనుక్కోవచ్చు. కాలిబ్రైట్‌ కలర్‌చెకర్‌ స్టూడియో, ఎక్స్‌-రైట్‌ ఐ1ప్రో ఈ తరహావి. మానిటర్‌కి మాత్రమే పనికొచ్చే కలరిమీటర్‌తో కాగితం మీది రంగు కొలవలేరు. కొనేటప్పుడు ఈ తేడా అడిగి తెలుసుకోండి.

డెమోకి పడిపోవద్దు

షోరూమ్‌ డెమోలో చూపించే ఫొటోలు సాధారణంగా ఎర్రటి పూలు, నీలి సముద్రం. కళ్లు చెదిరే రంగుల్లో తప్పు కనిపించదు. అది దొరికేది బూడిద రంగులోనూ చర్మం రంగులోనూ. అందుకే పెన్‌డ్రైవ్‌లో మీ ఫైల్‌ తీసుకెళ్లండి. అందులో నలుపు నుంచి తెలుపు దాకా ఒక బూడిద పట్టీ, చామనఛాయ, తెలుపు, నలుపు.. వేర్వేరు మేనిఛాయల ముఖాలు, ముదురు మెరూన్‌ చీర, నీడలో ఉన్న నల్ల కోటు ఉండాలి. అదే కాగితం మీద ఒకటి మామూలు డ్రైవర్‌, సరైన ప్రొఫైల్‌తో, ఇంకోటి రిప్‌తో తీయించండి. వెనకవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఏది ఏదో చూడకుండా పోల్చండి.

తీసిన వెంటనే తీర్పు చెప్పొద్దు. ఇంకు ఆరి రంగు కుదురుకోవడానికి టైమ్‌ పడుతుంది, ఒక రాత్రి ఆగితే మంచిది. చూసే వెలుతురూ ముఖ్యమే. చీరల షాపులో చీర నచ్చాక కూడా అమ్మ దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూస్తుంది కదా? ట్యూబ్‌లైట్‌ కింద ఒకేలా కనిపించిన రెండు రంగులు పగటి వెలుగులో విడిపోవచ్చని ఆమెకు అనుభవంతో తెలుసు. పుస్తకాల్లో దీని పేరు మెటామెరిజం. ప్రింటింగ్‌ పరిశ్రమ ఇందుకోసమే డీ50 అనే ప్రామాణిక వెలుతురును పెట్టుకుంది. మీ దగ్గర ఆ దీపం లేకపోతే అమ్మ పద్ధతే పాటించండి. గుమ్మంలోనూ చూడండి, గదిలోనూ చూడండి.

పరికరం ఉంటే వాదనే ఉండదు. రావాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ మధ్య దూరాన్ని డెల్టా-ఈ అనే అంకెతో చెబుతారు. 1 దగ్గర ఉంటే అనుభవమున్న కన్ను కూడా తేడాను కష్టం మీద పడుతుంది. సగటు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు, అన్నింటికన్నా ఎక్కువ తప్పిన రంగులేవో అడగండి. సగటు బాగుండి ముఖాల దగ్గర తప్పితే స్టూడియోకి ఏం లాభం?

చివరిగా ఖర్చు లెక్క. చాలా రిప్‌ల ధర ప్రింటర్‌ వెడల్పును బట్టి మారుతుంది. లైసెన్స్‌ ఒక్కసారా, ఏటేటా కట్టాలా? ప్రింటర్‌ మారిస్తే మళ్లీ కొనాలా? డాంగిల్‌ పోతే ఏంటి? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి.

రెజ్యూమెలో చేరేలా..

ఈ రంగంలోకి రావాలంటే ప్రింటింగ్‌ చదువు ఉంటే మంచిదే. సికింద్రాబాద్‌లో ప్రభుత్వ ప్రింటింగ్‌ టెక్నాలజీ సంస్థ ఉంది. డిగ్రీ స్థాయిలో చెన్నైలోని అన్నా యూనివర్సిటీ, కోల్‌కతాలోని జాదవ్‌పూర్‌ యూనివర్సిటీ ప్రింటింగ్‌ ఇంజినీరింగ్‌కి పేరున్నవి. అయితే సీఎస్‌ఈ, ఈసీఈ, ఫిజిక్స్‌ విద్యార్థులకూ తలుపు తెరిచే ఉంది. మీకు కావాల్సింది చేసి చూపించగలిగే ఒక ప్రాజెక్టు.

మొదటి మెట్టు: ఫ్లాయిడ్‌, స్టైన్‌బర్గ్‌ 1976లో ప్రచురించిన హాఫ్‌టోనింగ్‌ పద్ధతిని పైథాన్‌లో రాయండి. కొద్ది లైన్ల కోడే. బూడిద రంగు ఫొటో నల్ల చుక్కలుగా మారడం కళ్లారా చూస్తే డ్రైవర్‌ అంటే భయం పోతుంది.

రెండో మెట్టు: గ్రేమ్‌ గిల్‌ రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఆర్గిల్‌ సీఎంఎస్‌ నేర్చుకోండి. ‘టార్జెన్‌’ రంగుల జాబితా తయారు చేస్తుంది, ‘ప్రింట్‌టార్గ్‌’ దాన్ని చార్ట్‌గా మారుస్తుంది, ‘చార్ట్‌రీడ్‌’ కొలతలు చదువుతుంది, ‘కోల్‌ప్రొఫ్‌’ ప్రొఫైల్‌ కడుతుంది. నాలుగు కమాండ్‌లతో ఒక ప్రొఫైల్‌ పుట్టుక మొత్తం అర్థమవుతుంది. చార్ట్‌ను ప్రింట్‌ తీసేటప్పుడు ఏ రంగుల సవరణా తగలకూడదు. ఫొటోషాప్‌ సీఎస్‌5 నుంచి ఆ అవకాశం తీసేశారు కాబట్టి అడోబ్‌ కలర్‌ ప్రింటర్‌ యుటిలిటీ అనే చిన్న టూల్‌ వాడతారు.

మూడో మెట్టు: మీ ఊళ్లోని ఒక స్టూడియోకి వెళ్లండి. వాళ్ల ప్రింటర్‌, వాళ్ల ఇంకు, వాళ్ల కాగితం. పాత పద్ధతిలో ఒక చార్ట్‌, సెట్టింగ్‌లు సరిచేశాక ఒకటి, కొత్త ప్రొఫైల్‌తో మరొకటి తీయండి. కొలిచే పరికరం కోసం కాలేజీ ల్యాబ్‌లోనో, ఊళ్లోని పెద్ద ప్రెస్‌లోనో అడిగి చూడండి. మూడింటి డెల్టా-ఈ అంకెలు, మిగిలిన షీట్ల లెక్క కలిపి ఒక్క పేజీ రిపోర్ట్‌ రాయండి. ‘కలర్‌ మేనేజ్‌మెంట్‌ తెలుసు’ అని రెజ్యూమెలో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ‘ఈ ప్రింటర్‌ మీద తేడా ఇంత ఉండేది, ఇంతకు తెచ్చాను’ అని కాగితం తీసి ముందుపెట్టేవాళ్లు తక్కువ. ఇంటర్వ్యూ చేసేవారు రెండో రకం మనిషినే ఎక్కువసేపు కూర్చోబెడతారు.

సొంత యూనిట్‌ పెట్టుకునేవారికీ వరుస ఇదే. ముందు ఒక మంచి కాగితం, ఒకే రకం ఇంకు ఖాయం చేసుకోండి. తర్వాత సెట్టింగ్‌లు, ఆ తర్వాత ప్రొఫైల్‌. ఇవన్నీ అయ్యాక కూడా తీరని ఇబ్బంది ఏదైనా మిగిలితే దాని పేరు ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యానికి జవాబు చెప్పే రిప్‌నే కొనండి. వాక్యం రాయలేకపోతే పర్సు తీయొద్దు.